క్వార్క్‌ల లెక్కలో అసలు కష్టం

పరిశోధక విద్యార్థిగా చేరిన రెండో ఏడాది నేను మూడు వారాలు ఒకే లెక్కతో గడిపాను. ప్రోటాన్ల లోపల ఉండే కణాలు క్వార్క్‌లు, వాటిని బంధించే బలాన్ని మోసేవి గ్లూవాన్లు. ఒక క్వార్క్, ఒక ప్రతిక్వార్క్ ఢీకొని రెండు గ్లూవాన్లుగా మారే అవకాశం ఎంత అన్నది ఆ లెక్క. గీయవలసిన ఫైన్‌మన్ చిత్రాలు, అంటే ప్రక్రియ జరగగల దారులను చూపే బొమ్మలు, మూడే. వాటి ఆంప్లిట్యూడ్లను (వర్గం చేస్తే అవకాశాన్నిచ్చే సంఖ్యలను) కూడి, వర్గం చేసి, స్పిన్లకూ రంగులకూ (ఆ బలానికి మూలమైన ఆవేశాన్ని రంగు అంటారు) సగటు తీసి, గ్లూవాన్లు తొంభై డిగ్రీల కోణంలో వెలువడితే ఎంత వస్తుందో చూశాను. బలం తీవ్రతను చెప్పే కప్లింగ్ అనే గుణకాన్ని పక్కన పెడితే నాకు వచ్చిన సంఖ్య 1.37. పాఠ్యపుస్తకాల పట్టికలో ఉన్నది 1.04. మొదటి వారం ట్రేసులలో, అంటే స్పిన్లను కూడే మాత్రికల లెక్కలో, ఎక్కడైనా ప్లస్సు, మైనస్సు తారుమారు చేశానేమోనని వెతికాను. రెండో వారం రంగుల గుణకాలను తిరిగి లెక్కించాను. మూడో వారం పాత కాగితాలన్నీ కట్టగట్టి అవతల పెట్టి, కొత్త నోటుపుస్తకంలో మొదటి నుంచి చేశాను. మళ్ళీ 1.37 వచ్చింది. రెండు సంఖ్యలకూ తేడా సరిగ్గా ఒకటిలో మూడో వంతు. చేజారి చేసిన తప్పు ఇంత శుభ్రమైన భిన్నంగా ఉండదు కదా అన్న అనుమానం అప్పుడు కలిగింది. మా గైడుగారు నోటుపుస్తకం రెండు పేజీలు తిప్పి, "గ్లూవాన్‌కు ఎన్ని ధ్రువణాలు పెట్టావు?" అని ఒక్క ప్రశ్న అడిగి పుస్తకం నా చేతికిచ్చారు.

ఆ మూడో వంతు ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకున్న రోజున నాలో మొదలైన ఆలోచన ఇన్నేళ్ళ బోధన తరువాత ఒక అభిప్రాయంగా స్థిరపడింది. క్వార్క్‌ల, గ్లూవాన్ల క్రాస్ సెక్షన్లు లెక్కించడంలో ఉన్న కష్టం ఒకటి కాదు, రెండు. ఒకటి మనం ఎంచుకున్న రాతపద్ధతి వల్ల మనమే తెచ్చిపెట్టుకున్నది. మరొకటి ప్రకృతిలోనే ఉన్నది. మన తరగతి గదులు కాలమంతా మొదటిదానికే వెచ్చించి, రెండోదాన్ని సెమిస్టరు చివరి వారానికి, కొన్నిసార్లు ఆ తరువాత రాని వారానికి, వదిలేస్తున్నాయి. దీనివల్ల లెక్క చేయడం వచ్చి, ఏ లెక్కకు అర్థం ఉంటుందో తెలియని విద్యార్థులు తయారవుతున్నారు. నేనూ చాలాకాలం అలాంటి విద్యార్థినే.

క్రాస్ సెక్షన్ అంటే ఒక కణం మరో కణానికి ఎంత పెద్ద గురిగా కనిపిస్తుందో చెప్పే వైశాల్యం. తెలుగులో అడ్డుకోత అనవచ్చు గాని, పని చేసే చోట అందరూ క్రాస్ సెక్షన్ అనే అంటారు. 1911లో రూథర్‌ఫర్డ్ బంగారు రేకు మీద పడిన ఆల్ఫా కణాలు ఏ కోణంలో ఎన్ని చెదురుతాయో లెక్కించినప్పుడు చేసింది ఇదే పని. దీని ప్రమాణం బార్న్. 1942లో పర్‌డ్యూ విశ్వవిద్యాలయంలో పరమాణు పరిశోధనలో ఉన్న ఇద్దరు శాస్త్రజ్ఞులు, కేంద్రకం స్థాయిలో ఈ వైశాల్యం ధాన్యపు కొట్టమంత పెద్దదని చెప్పుకుంటూ పెట్టిన పేరది. చదరపు సెంటీమీటరును లక్ష కోట్లతో భాగించి, వచ్చినదాన్ని మళ్ళీ లక్ష కోట్లతో భాగిస్తే ఒక బార్న్ వస్తుంది. జెనీవా దగ్గరి లార్జ్ హేడ్రాన్ కొలైడర్‌లో, 13 టెరా ఎలక్ట్రాన్‌వోల్టుల శక్తి దగ్గర, రెండు ప్రోటాన్ల మొత్తం క్రాస్ సెక్షన్ సుమారు 110 మిల్లీబార్న్‌లు. అందులో హిగ్స్ బోసాన్ పుట్టే వాటా సుమారు 55 పికోబార్న్‌లు. అంటే దాదాపు రెండు వందల కోట్ల అభిఘాతాలకు ఒక హిగ్స్. ఇంత అరుదైనదాన్ని ఏరి పట్టుకోవాలంటే మిగిలిన రెండు వందల కోట్లలో ఏమి జరుగుతుందో కచ్చితంగా తెలియాలి. వాటిలో అధికభాగం క్వార్క్‌ల, గ్లూవాన్ల పనే.

ఇప్పుడు ఆ మూడో వంతు సంగతికి వస్తాను. ఎలక్ట్రాన్, పాజిట్రాన్ కలిసి రెండు ఫోటాన్లుగా మారే లెక్కలో ఒక సులువు మార్గం ఉంది. ఫోటాన్‌కు నిజంగా ఉన్నవి రెండు ధ్రువణాలే (కంపన దిశలే) అయినా, నాలుగు దిశలకూ కలిపి, మెట్రిక్ టెన్సర్‌కు ముందు మైనస్ పెట్టి కూడేస్తే చాలు. లేని ధ్రువణాల వాటా దానంతటదే రద్దయిపోతుంది. నేను అదే అలవాటును గ్లూవాన్లకూ వర్తింపజేశాను. ఫోటాన్‌కు ఆవేశం లేదు కనుక రద్దు పూర్తిగా జరుగుతుంది. గ్లూవాన్ తానే రంగును మోస్తుంది కనుక మూడు గ్లూవాన్లు కలిసే బిందువు ఒకటి ఉంటుంది, ఆ బిందువు వల్ల రెండు గ్లూవాన్ల లేని ధ్రువణాలూ ఒకదానితో ఒకటి జతకట్టి లెక్కలో మిగిలిపోతాయి. ఆ మిగులు ఎంతో సూత్రంగా రాయవచ్చు: అభిఘాతపు శక్తినీ కోణాన్నీ చెప్పే ఎస్, టి, యు అనే మాండెల్‌స్టామ్ చలరాశులలో టి, యుల లబ్ధాన్ని ఎస్ వర్గంతో భాగించి, మూడింట నాలుగుతో హెచ్చించాలి. తొంభై డిగ్రీల దగ్గర ఆ భాగఫలం నాలుగో వంతు. కనుక మిగులు సరిగ్గా మూడో వంతు. ఫాదేయేవ్, పోపోవ్ 1967లో ప్రవేశపెట్టిన ఘోస్ట్ క్షేత్రాలు చేసే పని ఈ మిగులును తీసివేయడమే. ఘోస్ట్‌ను ఏ డిటెక్టరూ పట్టుకోదు. మన పద్దుపుస్తకంలో ఒకే మొత్తాన్ని రెండు చోట్ల జమ రాసుకుని, చివర వేసుకున్న సవరణ పద్దు అది.

రెండు స్థితులే ఉన్న వస్తువును నాలుగు భాగాల సదిశగా ఎందుకు రాస్తున్నాము? సాపేక్షతా సౌష్ఠవం ప్రతి పంక్తిలోనూ కంటికి కనిపిస్తూ ఉండాలని. ఆ సౌకర్యానికి మనం చెల్లించే మూల్యమే గేజ్ అదనపు భారం. గేజ్ అంటే ఒకే భౌతిక స్థితిని వేర్వేరుగా రాసుకునే మన ఎంపిక. ఒక్కొక్క ఫైన్‌మన్ చిత్రం విలువ మనం ఎంచుకున్న గేజ్‌ను బట్టి మారిపోతుంది, దానికి విడిగా అర్థం లేదు, అన్నిటి మొత్తానికి మాత్రమే ఉంది. అర్థం లేని ముక్కలను వేల సంఖ్యలో రాసి, అవి ఒకదానినొకటి కొట్టేసుకున్నాక మిగిలే కొద్దిపాటి నిజం కోసం ఎదురుచూడడం ఈ పద్ధతి స్వభావం.

ఆ వేల సంఖ్య అతిశయోక్తి కాదు. రెండు గ్లూవాన్లు ఢీకొని రెండు గ్లూవాన్లు వెలువడే ప్రక్రియకు, లూప్‌లు (కణం వెలువడి మళ్ళీ కలిసిపోయే మూసిన వలయాలు) లేని మొదటి స్థాయిలోనే, 4 చిత్రాలు గీయాలి. మూడు వెలువడితే 25. నాలుగుకు 220, అయిదుకు 2,485, ఆరుకు 34,300. ఎనిమిది గ్లూవాన్లు వెలువడే సందర్భానికి చిత్రాల సంఖ్య 1,05,25,900. ప్రతి చిత్రంలోని ప్రతి మూడు గ్లూవాన్ల బిందువుకూ ఆరు పదాలున్నాయని గుర్తుంచుకుంటే, చేత్తో చేయడం అన్న మాటకు ఎక్కడ అర్థం పోతుందో తెలుస్తుంది.

1985లో ఫెర్మీలాబ్‌లో స్టీఫెన్ పార్క్, టొమాష్ టేలర్ ఆ 220 చిత్రాల లెక్కను పూర్తి చేశారు. అప్పట్లో అమెరికా కట్టదలచిన మహా కొలైడర్‌లో నాలుగు జెట్ల (ఒకే దిశలో దూసుకొచ్చే కణాల గుంపుల) సంఘటనలను అర్థం చేసుకోవాలంటే ఆ లెక్క కావాలి. (ఆ యంత్రాన్ని 1993లో మధ్యలోనే ఆపేశారు, లెక్క మాత్రం మిగిలింది.) వారి ఫలితం అంకెలను యంత్రంతో రాబట్టడానికి సరిపోయే రూపంలో ఉంది, మనిషి చదవడానికి వీలైన రూపంలో లేదు. మరుసటి ఏడాది వారే ఇంకో చిన్న వ్యాసం ప్రచురించారు. అన్ని గ్లూవాన్లూ వెలువడేవిగానే లెక్కించి, వాటిలో రెండింటి హెలిసిటీ (ప్రయాణ దిశలో స్పిన్) ఒక రకంగా, మిగిలినవాటన్నిటి హెలిసిటీ మరో రకంగా ఉంటే, గ్లూవాన్లు ఎన్ని ఉన్నా సరే సమాధానం ఒక్క పంక్తిలో పడుతుందని అందులో ప్రతిపాదించారు. లవంలో ఒక స్పినర్ లబ్ధపు (రెండు గ్లూవాన్ల ద్రవ్యవేగాల నుంచి కట్టే సంఖ్య) నాలుగో ఘాతం, హారంలో పక్కపక్క గ్లూవాన్ల స్పినర్ లబ్ధాల గొలుసు, అంతే. 1988లో బెరెండ్స్, గీలె దానిని నిరూపించారు. అన్ని హెలిసిటీలూ ఒకటే అయినా, ఒక్కటి మాత్రమే వేరైనా, ఈ స్థాయిలో ఆంప్లిట్యూడ్ సున్నా. కనుక రెండు గ్లూవాన్లు రెండు గ్లూవాన్లుగా చెదిరే ప్రక్రియ మొత్తం ఆ ఒక్క పంక్తిలోనే ఇమిడి ఉంది.

ఆ వ్యాసం నేను మొదటిసారి చదివినప్పుడు కలిగిన భావాన్ని ఆనందం అని మాత్రమే అనలేను, అందులో కొంత దుఃఖం కూడా ఉంది. మూడు వారాల నా శ్రమ ప్రకృతితో జరిపిన సంభాషణ అనుకున్నాను. అందులో ఎక్కువ భాగం నా రాతపద్ధతితో నేను పడిన పెనుగులాట అని అప్పుడు తెలిసింది. తరువాత 2005లో బ్రిటో, కచాజో, ఫెంగ్, విట్టెన్ చూపిన పునరావృత సూత్రం ఈ విషయాన్ని ఇంకా స్పష్టం చేసింది. అందులో పెద్ద ఆంప్లిట్యూడ్లను చిన్న ఆంప్లిట్యూడ్ల నుంచి కడతారు. ఆ చిన్నవాటిలోని గ్లూవాన్లన్నీ రెండు ధ్రువణాలతో, ద్రవ్యరాశి లేకుండా, నిజమైన గ్లూవాన్లుగానే ఉంటాయి. ఘోస్టుల ప్రసక్తే రాదు. ఫైన్‌మన్ చిత్రాలను వదిలేయాలని నేను అనడం లేదు. ద్రవ్యరాశి ఉన్న క్వార్క్‌ల విషయంలో, ఒక ప్రక్రియలో ఏ దారులున్నాయో ఊహించుకోవడంలో, వాటి అవసరం అలాగే ఉంది. కాని వాటిని గీసి కూడడంలోని శ్రమను విషయంలోని లోతుగా భ్రమపడకూడదు.

ఇక రెండో కష్టం. అసలు నేను రాయదలచుకున్నది దీని గురించే.

పాఠ్యపుస్తకాల పట్టికలో గ్లూవాన్, గ్లూవాన్ పరిక్షేపణకు, అంటే ఢీకొని చెదరడానికి, తొంభై డిగ్రీల దగ్గర 30.4 అని ఉంటుంది. వేరు వేరు రకాల రెండు క్వార్క్‌లకు 2.22. గ్లూవాన్ల రంగు క్వార్క్‌ల రంగు కంటే బలమైనదని ఈ రెండు సంఖ్యలూ ఎంతో స్పష్టంగా చెబుతున్నాయి. అయితే 30.4ను ఏ ప్రయోగశాలా నేరుగా కొలిచింది లేదు, కొలవడం సాధ్యమూ కాదు. గ్లూవాన్ల కిరణపుంజం లేదు. వెలువడిన గ్లూవాన్ డిటెక్టరుకు చేరదు; చేరేది పయాన్లు, కేయాన్లు, ప్రోటాన్ల గుంపు. ఒంటరి క్వార్క్‌ను ఇప్పటివరకూ ఎవరూ చూడలేదు. మరి కనిపించని వస్తువులు కనిపించని వస్తువులుగా మారే అవకాశాన్ని లెక్కించి, దానిని ప్రయోగంతో పోల్చే హక్కు మనకు ఎక్కడిది? నా విద్యార్థి దశలో ఈ ప్రశ్నను ఏ తరగతిలోనూ ఎవరూ వేయలేదు, నేనూ వేయలేదు.

దీనికి సమాధానం అన్నిటికంటే నిర్మలంగా కనిపించే చోటు ఎలక్ట్రాన్, పాజిట్రాన్ అభిఘాతం. అక్కడ హేడ్రాన్లు (క్వార్క్‌లతో కట్టిన కణాలు) పుట్టే క్రాస్ సెక్షన్‌ను మ్యూవాన్ల జంట పుట్టే క్రాస్ సెక్షన్‌తో భాగిస్తే, మొదటి స్థాయిలో క్వార్క్‌ల విద్యుదావేశాల వర్గాల మొత్తానికి మూడు రెట్లు వస్తుంది. అప్, డౌన్, స్ట్రేంజ్ మూడే అందుబాటులో ఉన్న శక్తుల వద్ద 2, చార్మ్ కూడా చేరితే మూడింట పది, బాటమ్ చేరితే మూడింట పదకొండు. ఆ మూడు రెట్లు రంగులు మూడు కావడం వల్ల. ఇంతవరకు తేలిక. తరువాతి స్థాయిలో క్వార్క్ ఒక గ్లూవాన్‌ను విడుదల చేస్తుంది. ఆ గ్లూవాన్ శక్తి సున్నాకు దగ్గరయ్యేకొద్దీ, లేదా అది క్వార్క్ దిశకు దగ్గరగా వంగేకొద్దీ, విడుదలయ్యే అవకాశం హద్దు లేకుండా పెరుగుతుంది. కూడితే అనంతం వస్తుంది. గ్లూవాన్ బయటికి రాకుండా లూప్‌లో తిరిగి కలిసిపోయే చిత్రం ఒకటి ఉంది. దానిని లెక్కిస్తే అదీ అనంతమే, గుర్తు మాత్రం వ్యతిరేకం.

స్థలకాలపు పరిమాణాలను నాలుగు నుంచి కొద్దిగా పక్కకు జరిపి ఈ అనంతాలను అదుపులో పెడితే జరిగేది చూడవలసిన దృశ్యం. రెండింటికీ ముందుండే ఉమ్మడి గుణకం, ఆల్ఫా ఎస్‌కు (క్వార్క్‌ల, గ్లూవాన్ల బలపు కప్లింగ్‌కు) రెండు రెట్లను మూడు పైలతో భాగించినది. దానిని బయటికి తీస్తే, నిజంగా వెలువడిన గ్లూవాన్ వాటాలో అనంతమయ్యే పదాలతోపాటు రెండింట పంతొమ్మిది, మైనస్ పై వర్గం మిగులుతాయి. లూప్ వాటాలో అవే అనంత పదాలు వ్యతిరేక గుర్తుతో, వాటితోపాటు మైనస్ ఎనిమిది, ప్లస్ పై వర్గం ఉంటాయి. కలిపితే అనంతాలు పోతాయి, పై వర్గాలు పోతాయి, తొమ్మిదిన్నరలోంచి ఎనిమిది పోగా ఒకటిన్నర నిలుస్తుంది. ఉమ్మడి గుణకంతో హెచ్చిస్తే ఆల్ఫా ఎస్ బై పై. ఎంత అనంతం నుంచి ఎంత చిన్న సవరణ! తొంభైకి పైగా గిగా ఎలక్ట్రాన్‌వోల్టుల దగ్గర ఆల్ఫా ఎస్ సుమారు 0.118 కనుక, ఈ సవరణ నాలుగు శాతం లోపే. 2008 నాటికి ఇదే రాశిని ఆల్ఫా ఎస్ నాలుగో ఘాతం వరకూ లెక్కించగలిగారు.

ఈ రద్దు యాదృచ్ఛికం కాదు. 1962లో కినోషితా, 1964లో లీ, నౌవెన్‌బర్గ్ దీని వెనుక ఉన్న సిద్ధాంతాన్ని నిరూపించారు. శక్తి లేని గ్లూవాన్ వెలువడిన స్థితికీ వెలువడని స్థితికీ తేడా చూపగల పరికరం ఉండదు. ఆ రెండింటినీ వేరు చేయమని అడిగిన ప్రశ్నకు సమాధానం అనంతం, రెండింటినీ కలిపి అడిగిన ప్రశ్నకు సమాధానం పరిమితం. అంటే అనంతం వచ్చినప్పుడు తప్పు లెక్కలో లేదు, ప్రశ్నలో ఉంది. 1977లో స్టెర్మన్, వైన్‌బర్గ్ ఈ మెలకువతోనే జెట్‌ను నిర్వచించారు: శక్తిలో అతి స్వల్పభాగం తప్ప మిగిలినదంతా రెండు ఇరుకైన శంకువుల్లో ఇమిడితే అది రెండు జెట్ల సంఘటన. రెండేళ్ళ తరువాత హాంబర్గ్‌లోని పెట్రా కొలైడర్‌లో మూడు జెట్ల సంఘటనలు కనిపించాయి. గ్లూవాన్ ఉనికికి దొరికిన ప్రత్యక్ష సాక్ష్యం అదే.

ప్రశ్నను సరిగ్గా అడగడం ఒకసారి నేర్చుకుంటే చాలు అనుకుంటే పొరపాటు. జెట్లను గుర్తించడానికి 1990లలో విస్తృతంగా వాడిన కొన్ని కోన్ (శంకువు) పద్ధతులు శక్తి ఎక్కువగా ఉన్న కణాన్ని విత్తనంగా తీసుకుని దాని చుట్టూ జెట్‌ను కట్టేవి. రెండు జెట్ల మధ్య చెప్పుకోదగిన శక్తి లేని ఒక గ్లూవాన్ వచ్చి చేరితే అది కొత్త విత్తనమై, రెండు జెట్లనూ కలిపి ఒకటిగా చేయగలదు. అంటే ఏ పరికరానికీ పట్టుబడని గ్లూవాన్ జెట్ల సంఖ్యనే మార్చేస్తుంది. అప్పుడు నిజమైన గ్లూవాన్ వాటా ఒక పద్దులో, లూప్ వాటా మరో పద్దులో పడి, రద్దు చెడిపోతుంది. మొదటి స్థాయిలో ఈ లోపం బయటపడదు. పై స్థాయి లెక్కకు వెళ్ళినప్పుడు అనంతంగా తిరిగి వస్తుంది. 2008లో కాచియారి, సలాం, సోయెజ్ ప్రతిపాదించిన యాంటీ కేటీ పద్ధతికి ఈ దోషం లేదు. లార్జ్ హేడ్రాన్ కొలైడర్‌లోని ప్రధాన ప్రయోగాలు దానినే స్వీకరించాయి. ఈ చరిత్రను నేను తరగతిలో చెప్పినప్పుడు విద్యార్థుల ముఖాల్లో కనిపించే శ్రద్ధ, ట్రేస్ సూత్రాలు చెప్పినప్పుడు ఎన్నడూ కనిపించలేదు.

ప్రోటాన్ల విషయంలో ఇంకో మెట్టు ఉంది. ప్రోటాన్ లోపల ఏ క్వార్క్, ఏ గ్లూవాన్ ఎంత భాగం ద్రవ్యవేగాన్ని మోస్తున్నదో చెప్పే వితరణలను ప్రయోగాల నుంచి తీసుకోవాలి, వాటిని మన 30.4 వంటి లెక్కలతో గుణించి సమాకలనం చేయాలి. ప్రోటాన్ లోపలి మెల్లని సంగతులను, అభిఘాతంలోని క్షణికమైన సంగతిని ఇలా విడదీయవచ్చన్నదే ఫ్యాక్టరైజేషన్. విడదీసే గీతను ఎక్కడ గీయాలన్నది మన ఇష్టం, కాని సమాధానం ఆ ఇష్టం మీద ఆధారపడకూడదు. లెక్కను మొదటి స్థాయిలో ఆపేస్తే ఆధారపడుతుంది. హిగ్స్ లెక్క దీనికి నాకు తెలిసిన గొప్ప ఉదాహరణ. రెండు గ్లూవాన్లు కలిసి హిగ్స్‌గా మారే క్రాస్ సెక్షన్‌కు 13 టెరా ఎలక్ట్రాన్‌వోల్టుల దగ్గర, అనస్తాసియూ బృందం 2016లో ఇచ్చిన విలువ 48.58 పికోబార్న్‌లు. అందులో మొదటి స్థాయి వాటా 16.00 మాత్రమే. రెండో స్థాయి చేర్చినది 20.84, అంటే అసలు కంటే సవరణే పెద్దది. మూడో స్థాయి 9.56 చేర్చింది, నాలుగో స్థాయి 1.49. మిగిలినవి క్వార్క్‌ల ద్రవ్యరాశులకూ విద్యుత్-బలహీన బలానికీ సంబంధించిన చిన్న సవరణలు. మూడో స్థాయిని 2002లో హార్లాండర్, కిల్‌గోర్ ఒకవైపు, అనస్తాసియూ, మెల్నికోవ్ మరోవైపు లెక్కించగా, మరుసటి ఏడాది మన దేశానికి చెందిన వి. రవీంద్రన్, స్మిత్, వాన్ నీర్వెన్‌లతో కలిసి స్వతంత్రంగా సాధించారు. మొదటి స్థాయి లెక్కను చేత్తో పూర్తి చేసి సమాధానం దొరికిందని సంతోషించే విద్యార్థికి, తన చేతిలో ఉన్నది నిజంలో మూడో వంతు మాత్రమేనని ఎవరో ఒకరు చెప్పాలి.

నా వాదనకు తోటి అధ్యాపకులు చెప్పే అభ్యంతరం ఒకటుంది, దానిని నేను తేలికగా తీసుకోను. చేత్తో చేయని విద్యార్థికి ఏదీ ఒంటపట్టదని వారంటారు. మ్యాడ్‌గ్రాఫ్ వంటి ప్రోగ్రాములో ఒక ఆదేశం రాస్తే నిమిషాల్లో క్రాస్ సెక్షన్ వస్తున్న ఈ కాలంలో, కనీసం కొన్ని లెక్కలైనా పూర్తిగా రాయించకపోతే సంఖ్యను చూసి అది సబబో కాదో పోల్చుకునే చూపు రాదని వారి భయం. భయం సరైనదే. 1.37 రాకపోయి ఉంటే నాకు ఘోస్ట్ అంటే ఏమిటో తెలిసేది కాదు. అందుకే చేతిలెక్క మానమని నేను చెప్పడం లేదు, ఏ లెక్క అన్నది మార్చమంటున్నాను. క్వార్క్, ప్రతిక్వార్క్ నుంచి రెండు గ్లూవాన్ల లెక్కను ఒకసారి తప్పు పద్ధతిలో, ఒకసారి ఒప్పు పద్ధతిలో చేయిస్తే ఘోస్ట్ అర్థమవుతుంది. గ్లూవాన్ పరిక్షేపణను స్పినర్ పద్ధతిలో చేయిస్తే అది ఒక సాయంత్రంలో ముగుస్తుంది. అలా మిగిలిన వారాలను తొమ్మిదిన్నర మైనస్ ఎనిమిది లెక్కకు ఇవ్వాలి. ఆ లెక్కలో చేతికీ పని ఉంది, బుద్ధికీ పని ఉంది. ప్రోగ్రాము కూడా ఇక్కడ విద్యార్థిని కాపాడదు: శక్తికీ కోణానికీ కనీస హద్దులు పెట్టకుండా ఒక అదనపు గ్లూవాన్‌ను అడిగితే అది ఇచ్చే సంఖ్యకు అర్థం ఉండదు, హద్దులను కొద్దిగా మారిస్తే సంఖ్య కూడా మారిపోతుంది. ఎందుకు మారుతున్నదో చెప్పవలసింది మనమే.

రెండేళ్ళుగా నేను నా కోర్సును ఈ వరుసలోనే నడుపుతున్నాను. మొదటి రోజు సూత్రమేదీ రాయను. బల్ల మీద ఒక కాగితం పెట్టి, ఒక బిందువు నుంచి ఎదురెదురు దిశల్లో రెండు గీతలు గీసి, ఒక గీత పక్కనే కంటికి కనిపించీ కనిపించనంత చిన్నదిగా మూడో గీత గీస్తాను. జెట్లు ఎన్ని అని అడుగుతాను. సగం మంది రెండు అంటారు, సగం మంది మూడు అంటారు. ఎవరి లెక్క ప్రకారం క్రాస్ సెక్షన్ పరిమితంగా వస్తుందో సెమిస్టరు చివరికి మీరే చేసి చూపాలని చెప్పి, ఆ కాగితాన్ని నోటీసు బోర్డు మీద అంటిస్తాను.